ఎమల్షన్ పాఠాలు – 4: ఎంజైమ్ దేన్ని కోస్తోంది?

నీళ్లలో నూనె సన్నని బొట్లుగా చెదిరి నిలిచి ఉండే మిశ్రమమే ఎమల్షన్. అందులో నూనె బొట్టు చుట్టూ ఉండే పొర గురించి పోయిన పాఠంలో చెప్పుకున్నాం. ఆ పొర గట్టిగా ఉన్నంతకాలం బొట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవు. ఈసారి ఆ పొర మీదికి ఎంజైమ్‌ను, అంటే రసాయన చర్యల్ని వేగంగా జరిపించే ప్రోటీన్‌ను, వదులుదాం.

ఎంజైమ్ పడితే ఎమల్షన్ విరిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ అలా జరగదు. మయోనైజ్‌నే తీసుకోండి. అందులో నూనెను పట్టి ఉంచేది గుడ్డు పచ్చసొన. సొనలో ప్రోటీన్లతోపాటు ఫాస్ఫోలిపిడ్లు ఉంటాయి, వాటికి నూనెలోకి దిగే రెండేసి కొవ్వు తోకలుంటాయి. ఫాస్ఫోలిపేజ్ ఎ2 అనే ఎంజైమ్ అందులో ఒక తోకను కోసేస్తుంది. మిగిలిన అణువు నీళ్లతో ఇంకా బాగా కలుస్తుంది, సొన ప్రోటీన్లు వేడికి గడ్డకట్టకుండా కూడా కాస్తుంది. అందుకే ఇలాంటి సొనతో చేసిన మయోనైజ్ పాశ్చరైజ్ చేసినా, అంటే క్రిములు చావడానికి వేడి చేసినా, నిలుస్తుంది. పచ్చి గుడ్డు మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. వేడికి తట్టుకునే మయోనైజ్ విలువేంటో అక్కడే తెలుస్తుంది.

కొబ్బరి పాలలో కథ వేరు. అక్కడ బొట్లను కాపాడేది ముఖ్యంగా ప్రోటీన్లే. పచ్చి బొప్పాయిలోని పాపైన్ ప్రోటీన్లను ముక్కలు చేస్తుంది. పొర చిరిగితే నూనె బయటపడుతుంది. వర్జిన్ కొబ్బరి నూనె తీసే పద్ధతుల్లో ఇదీ ఒకటి.

ఇప్పుడు మీ వంతు. చిక్కటి కొబ్బరి పాలు వడగట్టి మూడు గాజు గ్లాసుల్లో సమానంగా పోయండి. పచ్చి బొప్పాయి తురిమి రసం పిండండి. కాయ పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, చేతికి గ్లౌజులు తప్పనిసరి. మొదటి గ్లాసులో ఒక చెంచా నీళ్లు, రెండో దాంట్లో ఒక చెంచా రసం, మూడో దాంట్లో బాగా మరిగించి చల్లార్చిన అదే రసం ఒక చెంచా వేయండి. మూడోది ఎందుకంటే, మరిగితే ఎంజైమ్ చచ్చిపోతుంది, రసంలోని మిగతావన్నీ దాదాపు అలాగే ఉంటాయి. అది లేకపోతే తేడా తెచ్చింది పాపైనా, బొప్పాయిలోని ఇంకేదైనానా అని తేల్చలేం. ఈ గ్లాసును మాత్రం దయచేసి వదిలేయకండి.

గ్లాసుల్ని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి, నీళ్లు 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి. పాపైన్‌కు ఆ వేడి ఇష్టం. 80 దాటితే కొబ్బరి ప్రోటీన్లు వాటంతటవే గడ్డకట్టి ప్రయోగం చెడుతుంది.

కొన్ని గంటలకు మూడింట్లోనూ పైన మీగడ తేలుతుంది. అది చూసి విరిగిందనుకోవద్దు. చెంచాతో మెల్లగా కలపండి. మళ్లీ ఒకే తెల్లటి పాలుగా కలిసిపోతే ఎమల్షన్ బతికే ఉంది, బొట్లు పైకి తేలాయంతే. ఎంత కలిపినా మెరిసే నూనె చుక్కలు పైనే తిరుగుతుంటే పొర నిజంగా పోయినట్టు. గ్లాసులు చల్లారకముందే చూడండి, ఎందుకంటే 24 డిగ్రీల దగ్గర కొబ్బరి నూనె పేరుకుపోయి చుక్కలు కనబడవు.

ఆ పాలు తాగకండి, పారబోయండి. మూడు గ్లాసుల్లో ఏం కనబడిందో గంట గంటకూ రాసి పెట్టుకోండి. నూనెనే కోసే లైపేజ్‌ను తీసుకునే ఐదో పాఠంలో ఈ కాగితం పక్కనే ఉండాలి.