చెరువు గట్టు కారుకి టైర్లు మార్చి వేసుకోవడం ఎలా

మా ఆయన మస్కట్‌లో ఉంటారండి. ఇక్కడ మలికిపురం దగ్గర మూడెకరాల రొయ్యల చెరువూ, కొబ్బరి తోటా, మా అత్తగారూ, ఒక ఆల్ వీల్ డ్రైవ్ కారూ నా వంతు. ఈ నాలుగింట్లో నోరెత్తనిది కారొక్కటే. అందుకే దానికేం కావాలో మనమే కనిపెట్టి చూడాలి.

"కోనసీమలో ఆల్ వీల్ డ్రైవ్ ఎందుకండీ, ఎక్కడానికి కొండలున్నాయా?" అని అడిగినవాళ్ళున్నారు. ముసురు పట్టినప్పుడు ఒక్కసారి మా చెరువు గట్టు మీదికి రమ్మనండి, తెలుస్తుంది. ఒండ్రు మట్టి తడిస్తే వెన్న. మేత బస్తాలు వేసుకుని ఆ గట్టు మీద పోవాలంటే నాలుగు చక్రాలూ పనిచేయాల్సిందే. గేరు పక్కనున్న మీట మీద 'స్నో' అని కూడా రాసుంది. మంచు మన దగ్గర ఐసు ఫ్యాక్టరీలో తప్ప ఉండదు, ఆ మీటని మేం బురదకి వాడుకుంటున్నాం.

ఉన్న టైర్లనే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి ఎలా మార్చి వేసుకోవాలో చెప్పే ముందు, ఎందుకు మార్చాలో నేను డబ్బు పోసి నేర్చుకున్న సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట గట్టు మీద ఆల్చిప్పల్లో దాగిన ఇనుపచువ్వ ఒకటి వెనక టైరు పక్కగోడని చీరేసింది. పక్కగోడ చిరిగితే ప్యాచీ వేయకూడదు. టైర్ల కొట్టాయన "ఒక్కటి కొత్తది వేసేద్దాం మేడమ్" అన్నాడు, నేనూ సరే అన్నాను. మిగతా మూడింటికీ రబ్బరు మీది గాడి లోతు 5 మిల్లీమీటర్లు ఉంది, కొత్తదానికి 8. రెండు వారాల తరవాత పాలకొల్లు నుంచి వస్తూ చించినాడ వంతెన దిగుతుంటే ఆల్ వీల్ డ్రైవ్ హెచ్చరిక దీపం వెలిగింది. బండి తిప్పుతుంటే కింద నుంచి ఏదో బిగబట్టినట్టు మూలుగు కూడా.

లెక్క వేసి చూస్తే తప్పు తెలిసింది. నా టైరు సైజు 215/60 ఆర్17. కొత్తగా ఉన్నప్పుడు దాని చుట్టుకొలత సుమారు 2 మీటర్ల 17 సెంటీమీటర్లు. గాడి 3 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 6 తగ్గుతుంది, చుట్టుకొలత దాదాపు 19 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంటే అరిగిన టైరు కిలోమీటరుకి నాలుగు చుట్లు ఎక్కువ తిరగాలి. వంద కిలోమీటర్లకి నాలుగు వందలు. మామూలు కారుకి ఇది పెద్ద లెక్క కాదు. ఆల్ వీల్ డ్రైవ్‌లో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య క్లచ్ లాంటి కప్లింగ్ ఒకటుంటుంది. ఏ చక్రమైనా జారితే బలం ఇటూ అటూ పంచేది అదే. తిన్నటి తారు రోడ్డు మీద కూడా ఒక చక్రం వేగంలో తేడా కనబడుతూ ఉంటే, అది ఆపకుండా సర్దుతూ, ప్లేట్లు రాసుకుని వేడెక్కుతుంది. నా దాంట్లో కప్లింగ్ పాడవక ముందే దీపం వెలిగింది, అదృష్టం. సగం ఆయుష్షున్న మూడు టైర్లు తీసేసి మూడూ కొత్తవి వేయించాను. మా అత్తగారు ఆ పాత టైర్లు చూసి "ఇంకా బాగానే ఉన్నాయిగా అమ్మాయ్, వీటికి కూడా ఈడూ జోడూ చూడాలా?" అన్నారు. చూడాలండీ, అదే సంగతి.

ముందు టైర్లు సాధారణంగా ఎక్కువ అరుగుతాయి. ఇంజను బరువు వాటి మీదే, స్టీరింగు తిప్పేది వాటితోనే, బ్రేకు నొక్కితే ముందుకి తోసుకొచ్చే బరువూ వాటి మీదే. అందుకని తేడా పెరగకముందే స్థానాలు మార్చాలి. మామూలు కార్లకి పది వేల కిలోమీటర్లకి చెప్తారు. ఆల్ వీల్ డ్రైవ్‌కి అంత ఆగొద్దు. నేను ఏడు వేలకే చేస్తాను.

కొలత లేకుండా ఈ పని మొదలెట్టకండి. గాడి లోతు చూసే చిన్న గేజి రెండు వందల లోపే దొరుకుతుంది. ప్రతి టైరుకీ లోపలి అంచునా, మధ్యలో, బయటి అంచునా కొలిచి రాసుకోండి. చెరువులో ఆక్సిజన్ రాసే పుస్తకం చివరి పేజీ నాకు టైర్ల పేజీ. పోయినసారి ముందు రెండూ 5.8, వెనక రెండూ 6.5 వచ్చాయి. నాలుగింటి మధ్య తేడా ఎంతవరకు ఉండొచ్చో మీ కారు పుస్తకంలో ఉంటుంది. చాలా కంపెనీలు 2 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఆపుతాయి, కొన్ని ఇంకా తక్కువకే. గాడుల మధ్య చిన్న దిమ్మెలు కనబడతాయి, రబ్బరు వాటితో సమానమైందంటే 1.6 మిల్లీమీటర్లకి వచ్చినట్టు, చట్టం ఒప్పుకునేది అంతవరకే. వానాకాలం గట్ల మీద తిరిగేవాళ్ళు 3 దగ్గరే ఆగడం మంచిదని నా అభిప్రాయం.

కొలతలు జబ్బు కూడా చెప్తాయి. మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ కొట్టిస్తున్నారు. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. ఒక్క లోపలి అంచే అరిగితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా నిలిచే కోణం, పోయింది. ఏటిగట్టు రోడ్ల గుంతల్లో పడీ పడీ మా బండికి ఏటా వచ్చే జబ్బు ఇదే. చేత్తో తడిమితే ఎగుడుదిగుడుగా, అలల్లా తగిలితే షాక్ అబ్జార్బర్లు చూపించండి. ఇవి బాగుచేయించకుండా టైర్లు మాత్రం మార్చేస్తే జబ్బు ఇంకో టైరుకి అంటించినట్టే.

ఇక ఏది ఎక్కడికి వెళ్ళాలి? మీ కారు పుస్తకంలో బొమ్మ ఉంటే అదే పాటించండి, నా మాట కాదు. బొమ్మ లేకపోతే ఆల్ వీల్ డ్రైవ్‌కి సాధారణంగా చెప్పే పద్ధతి ఇది: వెనక టైర్లు రెండూ అదే వైపు తిన్నగా ముందుకి, ముందు టైర్లు రెండూ అడ్డంగా మారి వెనక్కి. అంటే ముందు ఎడమది వెనక కుడికి, ముందు కుడిది వెనక ఎడమకి. ఒక్క మినహాయింపు, టైరు పక్కగోడ మీద తిరిగే దిక్కు చూపించే బాణం గుర్తుంటే వైపు మార్చకూడదు. ఎడమవి ఎడమే, కుడివి కుడే, ముందువి వెనక్కి, వెనకవి ముందుకి, అంతే. ముందు ఒక సైజు, వెనక ఒక సైజు ఉన్న కార్లకి అసలీ పని కుదరదు.

చోటు ముఖ్యం. మొదటిసారి కొబ్బరిచెట్ల కింద నీడుందని అక్కడ మొదలెట్టాను. జాకీ లేస్తోందనుకున్నాను, చూస్తే అదే ఇసకలోకి దిగుతోంది! ఇప్పుడు మా మరిదిగారి సిమెంటు కళ్ళానికి తీసుకెళ్తాను. ధాన్యం ఆరబోయని రోజు చూసుకోవాలి, లేకపోతే తోడికోడలు ఊరుకోదు. జాకీ కింద పాత గుమ్మం తాలూకు రెండంగుళాల మందం టేకు చెక్క వేస్తాను. హ్యాండ్ బ్రేకు లాగి, ఆటోమేటిక్ అయితే పార్కులో, కాకపోతే గేరులో పెట్టి, ఇంజను ఆపి, లేపుతున్న చక్రానికి మూలకి మూలగా ఉన్న చక్రానికి రెండువైపులా ఇటుకలు పెట్టండి. ఒక చక్రం గాలిలో ఉండగా ఇంజను స్టార్టు చేసి గేరు వేయడం ఆల్ వీల్ డ్రైవ్‌లో ప్రమాదం, నేల మీదున్న చక్రాలకి బలం వెళ్ళి బండి జాకీ మీంచి దూకుతుంది. బండి కిందకి చెయ్యి గానీ కాలు గానీ పెట్టకండి.

ఒక్క జాకీ, ఒక్క స్టెప్నీతో నాలుగూ మార్చొచ్చు. ముందు సుద్దముక్కతో ప్రతి టైరు మీదా ఎక్కడిదో రాసుకోండి. ముందు ఎడమ మూల లేపి, ఆ చక్రం తీసి, దాని చోట స్టెప్నీ పెట్టి దింపండి. తీసిన చక్రాన్ని వెనక కుడి మూలకి దొర్లించుకెళ్ళి, అక్కడున్నది తీసి ఇది పెట్టండి. అక్కడ తీసింది ముందు కుడికి. ముందు కుడి నుంచి తీసింది వెనక ఎడమకి. వెనక ఎడమ నుంచి తీసింది మళ్ళీ ముందు ఎడమకి, స్టెప్నీ ఊడదీసి దాని చోట. ఐదుసార్లు జాకీ వేయడం, ఏ సమయంలోనూ ఒక్క చక్రమే గాలిలో. మా చెరువు కాపలా కుర్రాడు మొదటిసారి చూసి "అమ్మగారూ, కుర్చీలాట లాగుందండి" అన్నాడు. స్టెప్నీ సైజు మిగతావాటికి వేరైనా ఇలా నిలబెట్టడానికి పనికొస్తుంది, కానీ అది తగిలి ఉండగా బండి అంగుళం కూడా కదపకండి.

నట్లు చక్రం నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేసుకోవాలి. ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగే బండికి నట్లు ఊడినా చక్రం రాదు, హబ్‌కీ (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగం) రిమ్‌కీ మధ్య తుప్పు పట్టేస్తుంది. రొయ్యల లారీల నుంచి రోడ్డు పొడుగునా కారే నీళ్ళు కూడా ఇందులో చెయ్యేశాయి. చక్రం అంచు మీద రబ్బరు సుత్తితో చుట్టూ తడుతూ పొండి, వదులుతుంది. వచ్చాక హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో బాగా రుద్దండి. తుప్పు పొర ఉండగా బిగిస్తే, అది రాలాక నట్లు వదులవుతాయి. నట్టు మరలకి మాత్రం గ్రీజు రాయొద్దు, బిగింపు లెక్క తప్పిపోతుంది.

నట్లు ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, తరవాత నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి బిగించండి. చివరి బిగింపు చక్రం నేల మీదికి దిగాకే. నా కారుకి బిగింపు బలం 100 న్యూటన్ మీటర్లు, మీదెంతో పుస్తకంలో చూడండి. బిగింపు ఎంతో చూపించే పానా, టార్క్ రెంచ్ లేకపోతే ఒక లెక్క: పావు మీటరు పొడుగు పానా చివర సుమారు 40 కేజీల బరువు మోపితే 100 అవుతుంది. పానా ఎక్కి నిలబడితే నా బరువుకే 150 దాటిపోతుంది. గాలి గన్‌తో బిగించే కొట్లవాళ్ళు అంతకంటే ఎక్కువే కొడతారు, తరవాత రోడ్డు మీద పంక్చరైతే మనకి ఊడవు.

గాలి మళ్ళీ సరిచూడాలి. ముందుకీ వెనక్కీ వేరు వేరు అంకెలుంటే మారిన స్థానం ప్రకారం పెట్టించండి, అదీ పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు. గాలి చూపించే సెన్సార్లున్న కార్లకి రీసెట్ చేయాలి. నేనొకసారి మర్చిపోతే ముందు ఎడమలో గాలి తగ్గిందని కారు గోల, తగ్గిందేమో వెనక కుడిలో.

ఒకవేళ టైరొకటి చిరిగిపోతే ఒక్క కొత్తది కొనేయకండి. అదే కంపెనీ, అదే మోడల్, మీ మిగతావాటికి దగ్గరగా అరిగిన పాతది దొరుకుతుందేమో వెతకండి. పక్కగోడ మీద చివర నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. 2322 అంటే 2022లో 23వ వారం. మరీ పాతదైతే గాడి ఎంతున్నా వదిలేయండి.

వంద కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ ఇంకోసారి చూసుకోవాలి. నాకది సులువే, మలికిపురం నుంచి రెండుసార్లు పాలకొల్లు వెళ్ళొస్తే సరిపోతుంది. మొన్న చూస్తే వెనక ఎడమ చక్రానికి ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. ఆ హబ్‌ని బ్రష్‌తో సరిగ్గా రుద్దలేదని గుర్తొచ్చింది, ఆ రోజు తోడికోడలు ధాన్యం బస్తాలు దింపిస్తూ తొందరపెట్టింది.