తరగతికి ఒకే ఖాతా చాలు

హైస్కూల్ పాఠాల్లో సోషల్ మీడియాను వాడదలచిన ఉపాధ్యాయులు పిల్లల చేత విడివిడిగా ఖాతాలు తెరిపించే బదులు, తరగతి పేరున ఒకే ఖాతా తెరిచి, దాని పాస్‌వర్డ్‌ను తమ వద్దనే ఉంచుకోవడం మేలు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటివి 13 ఏళ్లు నిండనివారిని అనుమతించవు. నిండినవారిలోనూ ఇంట్లో ఒప్పుకోనందువల్ల ఖాతా లేనివారు ఉంటారు.

ఆ ఖాతాతో చేయించదగిన పనుల్లో నాకు అన్నిటికన్నా ప్రయోజనకరంగా తోచేది సారాంశ రచన. ఎక్స్‌లో (పూర్వపు ట్విట్టర్) ఉచిత ఖాతా నుంచి పెట్టే పోస్టుకు 280 క్యారెక్టర్ల పరిమితి ఉంది కాబట్టి, ఆనాటి పాఠం ఆ పరిధిలో ఇమిడేలా ప్రతి జట్టూ ముందుగా నోటుపుస్తకంలో రాసి, తక్కిన జట్లకు చదివి వినిపించాలి. ‘మొక్కలు గాలితో ఆహారం తయారుచేసుకుంటాయి’ అని ఒక జట్టు రాస్తే, గాలిలోని ఏ వాయువుతో, నీరూ వెలుతురూ ఏమయ్యాయని పక్క జట్టు నిలదీస్తుంది. పాఠం ఎంతవరకు అర్థమైందో అక్కడే బయటపడుతుంది. (తెలుగులో గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా లెక్కకు వస్తాయి, ‘క్ష’ ఒక్కటే మూడు క్యారెక్టర్లు.) అందరూ కలిసి ఎంచుకున్నదానిని ఉపాధ్యాయులే పోస్టు చేయాలి.

పిల్లల ముఖాలు, పూర్తి పేర్లు అందులో కనిపించకూడదు. ఇంటిపని వివరాలు పంపడానికైతే వాట్సాప్ గ్రూపు కన్నా ఛానెల్ నయం. దానిని అనుసరించేవారి ఫోన్ నంబర్లు ఒకరివి మరొకరికి కనిపించవు.