సంక్రాంతి దాటాక కొర్రమీనుకు గాలం వేయడం ఎలా?

అమెరికా వాళ్ళు బాస్ చేపను గాలంతో పట్టే వీడియోలు చూసి, మన దగ్గర అలాంటిది ఉందా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. మన చెరువుల్లో ఆ బాస్ లేదు. సీబాస్ అని పిలిచే పండుగప్ప ఉంది గానీ, దానికోసం పులికాట్ వైపు ఉప్పునీళ్ళకు పోవాలి. చిత్తూరు, తిరుపతి పల్లెల మంచినీటి చెరువుల్లో మాటు వేసి ఎర మీద దూకే చేప కావాలంటే అది కొర్రమీనే.

కాలం సంగతి ముందు చెప్పాలి. మన వైపు చెరువులు ఎక్కువగా నిండేది జూన్, జులై వానలకు కాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే ఈశాన్య రుతుపవనాల వానలకు. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్ళవాళ్ళను తరలించింది ఆ వానల్లోనే. ఆ ఎర్రనీళ్ళు సంక్రాంతికి తేరుకుంటాయి. అక్కడి నుంచి శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా నెల, నెలన్నర గాలానికి మంచి రోజులు. నీళ్ళు నిండుగా, తేటగా ఉంటాయి. చిక్కల్లా చలితోనే.

మొదటి ఏడు నాకు ఆ చిక్కు తెలియలేదు. చేపలు తెల్లవారుజామునే బాగా తింటాయని ఎక్కడో విని, అయిదున్నరకే పోయి కట్ట మీద నిలబడ్డాను. మూడు గంటలు గాలం విసిరినా ఒక్క తాకిడి లేదు. ఎనిమిదిన్నరకు ఎనుములు తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఏంది సామీ, ఇంత చలిలో వచ్చి ఏం చేస్తాండావు? చేపకు మాత్రం చలి ఉండదా? పొద్దెక్కనీ" అన్నాడు. అప్పటినుంచి ఆయనే నాకు గైడు.

తోడు మనిషిని వెతకండి

చెరువు ఒక్కొక్కటి ఒక్కో తీరు. కొత్తవాడికి ఏడాది పట్టే సంగతులు ఆ ఊరి మనిషికి నోటిమీదే ఉంటాయి. కట్ట కింద టీ అంగట్లోనో, చేపలమ్మేవాళ్ళ దగ్గరో అడిగితే దొరుకుతాడు. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సంఘానికో, గుత్తకు తీసుకున్నవాళ్ళకో ఉంటుంది. వాళ్ళను అడగకుండా గాలం వేయకండి. వాళ్ళు పెంచుకునేది బొచ్చె, శీలావతి. వాటి పిల్లల్ని తినే కొర్రమీనును మీరు పడతామంటే సాధారణంగా కాదనరు, కానీ మాట అడగాలి. తిరుపతికి తాగునీళ్ళిచ్చే కల్యాణి డ్యాము, శేషాచలం అడవిలోని మడుగులు, గుడి కోనేర్లు మాత్రం ఆలోచనలోకే రానీయకండి.

మనిషి దొరికాక మూడు ప్రశ్నలు వేయండి. ఈ ఏడు చెరువు మొరవ పోయిందా, అంటే నిండి అలుగు పారిందా? ఆఖరుసారి వల ఎప్పుడు లాగారు? తూము ఎత్తారా? మొరవ పోయుంటే గడ్డి మొలిచిన అంచులదాకా నీళ్ళు ఎక్కి ఉంటాయి, చేప అక్కడ దాక్కుంటుంది. వల లాగి వారం కాకపోతే ఇంకో చెరువు చూసుకోవడం మేలు. తూము ఎత్తి పైరుకు నీళ్ళు వదులుతుంటే మట్టం రోజురోజుకూ దిగుతుంది, అంచు గడ్డిలోని చేప లోపలికి జరుగుతుంది. నిన్నటి చోటు ఈరోజు పనికిరాదు.

కూలి ఎంత, పడిన చేప ఎవరిది అన్నది గాలం తీయకముందే మాట్లాడుకోండి. పుట్టి ఎక్కాల్సి వస్తే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కొద్దు, ఈత వచ్చినా సరే.

సామాను

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఆరున్నర, ఏడడుగుల గట్టి రాడ్, దానికి సరిపడే స్పిన్నింగ్ రీల్, 30 పౌండ్ల బరువుకు ఆగే అల్లిక దారం. సన్న నైలాను తంగూసు జమ్ములో చిక్కుకుంటే తెగిపోతుంది. కొర్రమీనుకు పళ్ళున్నాయి కాబట్టి దారం చివర అడుగు పొడవు మందం తంగూసు ముడేస్తే మంచిది. ఎరగా రబ్బరు కప్ప చాలు. దాని గాలపు ముళ్ళు వీపుకు ఆనుకుని పైకి ఉంటాయి, అందుకే తామరాకుల మీదుగా లాగినా పెద్దగా తగులుకోదు. చలికాలం చిన్న సైజు కొనండి. బతికిన కప్పను గుచ్చేవాళ్ళూ ఉన్నారు, నాకు మాత్రం మనసొప్పదు.

ఎప్పుడు, ఎక్కడ

చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది. రాత్రి చల్లబడిన నీళ్ళలో దానికి ఆకలీ తక్కువ, కదలికా తక్కువ. పది గంటలకు మొదలుపెట్టి మూడున్నర దాకా ఉండండి. లోతు నీళ్ళకన్నా మోకాలి లోతు నీళ్ళు త్వరగా వేడెక్కుతాయి. చలిగాలి తగలకుండా ఎండ నేరుగా పడే మూల ఏదో చూసుకోండి. అక్కడ తుంగ, జమ్ము, మునిగిన తుమ్మకంపలు ఉంటే ఇంకేం కావాలి? కట్టకు పేర్చిన రాళ్ళ సందులు కూడా వదలొద్దు. మబ్బు పట్టి, ముందురోజుకన్నా చలి పెరిగిన రోజు మాత్రం ఇంట్లో పడుకోవడమే నయం. వరసగా మూడు రోజులు ఎండ కాస్తే నాలుగో రోజు మధ్యాహ్నం పోండి.

ఇక్కడే బాస్‌కూ కొర్రమీనుకూ ఒక తేడా ఉంది, అది మనకు లాభం. కొర్రమీను మొప్పలతో పాటు గాలి కూడా పీలుస్తుంది, అందుకోసం అప్పుడప్పుడు పైకి రాక తప్పదు. నీళ్ళు "గుప్" మని ఒక చిన్న సున్నా చుట్టి, పక్కనే ఒకటి రెండు బుడగలు లేస్తే అది కొర్రమీను గుటక. చల్లని నీళ్ళలో ఈ గుటకలు తక్కువ. అందుకే చెరువు చేరగానే గాలం తీయకుండా ఇరవై నిమిషాలు నీడపట్టున కూర్చుని చూడండి. మా పెద్దాయన ఒక బీడీ కాల్చి అయ్యేలోపు మూడు చోట్లు చెబుతాడు. నాకు ఇప్పటికీ ఒకటే కనబడుతుంది.

కట్ట మీద దబదబా నడవొద్దు, మీ నీడ నీళ్ళ మీద పడనీయొద్దు. అదురు తెలిస్తే చేప జారుకుంటుంది.

విసరడం, లాగడం

గుటక వేసిన చోటే కప్పను పడేయకండి. దానికి రెండు బారలు అవతల పడేట్టు విసిరి, మెల్లగా అక్కడికి తీసుకురండి. కప్ప పడ్డాక అలలు పూర్తిగా చదునయ్యేదాకా కదపొద్దు. మనసులో పది లెక్కపెట్టండి. రాడ్ కొసను ఒక్కసారి చిన్నగా ఆడించండి, మళ్ళీ ఆపండి. ఎండాకాలంలో అయితే కప్పను గడగడా లాగుతూ పోయినా వెంటపడుతుంది. ఇప్పుడు అంత ఓపిక దానికి లేదు, కాబట్టి ఓపిక మనం పట్టాలి. జమ్ము అంచులో ఒక సందు బాగుందనిపిస్తే అదే చోట అయిదారు సార్లు వేయండి. నాలుగోసారికి విసుగు పుట్టి కరిచిన చేపలు నాకు చాలానే పడ్డాయి.

చేప కప్పను మింగేటప్పుడు పెద్ద చప్పుడవుతుంది, గుండె జారిపోతుంది. అందరూ చేసే తప్పు అక్కడే: వెంటనే లాగేస్తారు. కప్ప ఖాళీగా గాల్లో ఎగిరి మన మొహానికి వస్తుంది. నేను అలా వరసగా నాలుగు పోగొట్టుకున్నాను. నాలుగోదానికి పెద్దాయన రాడ్ లాక్కుని, "నోట్లో అన్నం పెట్టుకున్నోడి చెయ్యి పట్టి లాగితే ఎట్ల సామీ, మింగనీ" అన్నాడు. చప్పుడు విన్నాక కొస కిందికి దించి, దారం పక్కకు జరిగేదాకా ఆగండి. ఒకటి, రెండు అనుకుని అప్పుడు గట్టిగా పైకి గుంజండి. తగిలాక ఇక ఆలస్యం వద్దు. సందిస్తే నేరుగా కంపలోకి దూరి దారం చుట్టేసుకుంటుంది.

గట్టుకు తెచ్చాక

ఒళ్ళంతా జిగురు, వట్టి చేత్తో పడితే జారిపోతుంది. దవడకు గ్రిప్పరు వేసి, ముల్లును నోసు ప్లాయరుతో తీయండి. వేళ్ళు నోట్లో పెట్టొద్దు. నీళ్ళ మీద ఎర్రటి పిల్లల గుంపు ఒకటి ఉండచుట్టుకుని తిరుగుతుంటే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ చోట గాలం వేయకండి. ఎర కనబడగానే పిల్లల కోసం మీద పడతాయి గానీ, అవి పోతే ఆ పిల్లలు ఒక్కటీ మిగలవు. మూరెడు లేని చేపను కూడా నేను వదిలేస్తాను.

రాళ్ళ మీద ఎండ కాగే పాముల్ని చూసుకుని అడుగు వేయండి. తూము దగ్గర నీళ్ళలోకి దిగొద్దు, లోపలికి గుంజే నీళ్ళు పైకి కనబడవు. తెగిన దారం ముక్కలు జేబులో వేసుకోండి. అక్కడ వదిలితే కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది.

ఇంటికి తెచ్చేదానికి ఐసు అక్కర్లేదు. తడిపిన గోనెసంచిలో చుట్టి నీడలో పెడితే కొర్రమీను గంటల తరబడి బతికే ఉంటుంది. ఇంటి దగ్గర రాళ్ళుప్పు, బూడిద వేసి రుద్దితే జిగురంతా పోతుంది. రెండు చేపలు పడితే పెద్దది మీ పెద్దాయనకు ఇవ్వండి. మళ్ళీ వారం ఆయన చూపించే చోటు వేరేగా ఉంటుంది.