బ్లూ నోట్ రికార్డుతో ఇబ్బందా? ఒరిజినల్, రీఇష్యూ కొనేవారికి సమస్య - పరిష్కారం

ఎదురుచూసిన రికార్డు ఇంటికి చేరి, ముల్లు ఆనించగానే టపటపమని చప్పుడు వస్తే గుండె జారిపోతుంది. అమెరికా నుంచి తెప్పించుకున్న అరవై ఏళ్ల నాటి బ్లూ నోట్ (అమెరికా జాజ్ సంగీత కంపెనీ) రికార్డు అయితే ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లుగా కొంటూ, కడుగుతూ, వింటూ నాకు అర్థమైంది ఒకటే. ఒరిజినల్ (మొదటి అచ్చు) అయినా, రీఇష్యూ (తర్వాత మళ్లీ వేసిన అచ్చు) అయినా, రికార్డు చెడిపోయిందని తేల్చేముందు అది ఎప్పుడు, ఎక్కడ అచ్చయిందో, దాన్ని ఏ ముల్లుతో వింటున్నామో చూసుకోవాలి.

ఒరిజినల్ అని కొన్నాం, చెవి గుర్తు కనపడటం లేదు

పాట గాడులు అయిపోయాక, లేబుల్ మొదలయ్యేలోపు ఒక ఖాళీ వలయం ఉంటుంది. డెడ్ వ్యాక్స్ అంటారు. రికార్డు జాతకం అంతా అక్కడే రాసి ఉంటుంది.

ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన బ్లూ నోట్‌కి, 1950ల్లోనూ 60ల మొదట్లోనూ ఎల్పీలు అచ్చువేసింది న్యూజెర్సీలోని ప్లాస్టిలైట్ ఫ్యాక్టరీ. వాళ్ల గుర్తు గొలుసుకట్టులో రాసిన ఇంగ్లీషు పి అక్షరం. చూడటానికి చెవిలా ఉంటుంది కాబట్టి కలెక్టర్లందరూ దాన్ని చెవి అనే పిలుస్తారు. 1960ల మధ్యలో కంపెనీ లిబర్టీ అనే ఇంకో రికార్డు కంపెనీ చేతికి వెళ్లాక అచ్చు పని వేరే ఫ్యాక్టరీలకు మారింది, చెవి పోయింది. కానీ మిగిలిపోయిన పాత లేబుళ్లను, అట్టలను కొత్త యజమానులు పారేయలేదు. అందుకే లేబుల్ మీద 'న్యూయార్క్ యూఎస్ఏ' అని ఉన్నా చెవి లేని రికార్డులు చాలా తిరుగుతుంటాయి.

శాక్సఫోన్ వాద్యకారుడు హాంక్ మోబ్లీ రికార్డు ఒకటి నేను అలాగే కొన్నాను. అమ్మినవారు పంపిన ఫొటోలో లేబుల్ ఒక్కటే ఉంది, మొదటి అచ్చు ధర కట్టాను. చేతికొచ్చాక లైటు కింద తిప్పి తిప్పి చూసినా చెవి లేదు. ఇది జరగకూడదంటే డబ్బు కట్టకముందే రెండు వైపుల లేబుళ్లు, రెండు వైపుల డెడ్ వ్యాక్స్ ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటోలు అడగండి. మన దేశం నుంచి తిప్పి పంపడం ఖర్చు, కట్టిన కస్టమ్స్ సుంకం వెనక్కి రాబట్టుకోవడం ఇంకో తలనొప్పి.

లేబుల్ మీద కంపెనీ చిరునామా మారుతూ వచ్చిన వరుస కూడా గుర్తుంచుకోండి. ముందు లెక్సింగ్టన్ అవెన్యూ, తర్వాత 47 వెస్ట్ 63, ఆ తర్వాత న్యూయార్క్ యూఎస్ఏ, చివరికి లిబర్టీ పేరు. ఆర్‌వీజీ అనో, వాన్ గెల్డర్ అనో ముద్ర ఉంటే, సౌండ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ స్వయంగా కట్ చేసిన మాస్టర్ (అచ్చుకు మూలమైన డిస్క్) నుంచి వచ్చిందని అర్థం. అంతేగానీ మొదటి అచ్చు అని కాదు. లిబర్టీ కూడా ఆ మాస్టర్లనే వాడింది. ఇంకో మాట, లిబర్టీ వచ్చాకే మొదటిసారి విడుదలైన ఆల్బమ్‌కి చెవి ఉండదు, దానికి అదే ఒరిజినల్. చెవి లేదని అలాంటిదాన్ని వదులుకోకండి.

పాత మోనో రికార్డులో అడుగున ఒకటే గరగర

నూటికి తొంభై మంది ఇక్కడ రికార్డునే తిడతారు. మోనో అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే శబ్దం. దాని గాడిలో సంగీతం ముల్లును పక్కలకు మాత్రమే కదుపుతుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే భాగం) పైకీ కిందికీ కదలికను కూడా పట్టుకుంటుంది. మోనోలో ఆ పైకీ కిందికీ ఉండేది దుమ్ము, అరుగుదల చప్పుడే. ఆంప్లిఫయర్‌లో మోనో స్విచ్ ఉంటే నొక్కండి, సగం గోల అక్కడే పోతుంది. మొదటిసారి నొక్కినప్పుడు లీ మోర్గన్ ట్రంపెట్ గదిలోకి నడిచొచ్చినట్టు అనిపించింది నాకు. స్విచ్ లేకపోతే మోనో కార్ట్రిడ్జ్ కొనుక్కోవచ్చు. పాతకాలపు మోనో కార్ట్రిడ్జ్‌తో మాత్రం స్టీరియో రికార్డు ఆడించొద్దు, గాడి పాడవుతుంది.

టిక్కు టిక్కుమంటోంది, లేదా బట్ట చించినట్టు చప్పుడు

లెక్కపెట్టండి. 33⅓ వేగంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. సరిగ్గా ఆ లెక్కకే టిక్కుమంటే గీత పడినట్టు, దానికి మందు లేదు. వరుస లేకుండా వస్తే దుమ్మో, స్టాటిక్కో (రికార్డు మీద నిలిచే విద్యుత్తు). డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి బాగా ఆరబెట్టండి, కార్బన్ బ్రష్ వాడండి.

కొత్త రీఇష్యూలో చించినట్టు చప్పుడు కొన్ని సెకన్ల పాటు సాగితే, అదీ ఎక్కువగా ఒక స్పీకర్‌లోనే వస్తే, అచ్చులోనే లోపం. వేడి వినైల్ ప్లాస్టిక్ అచ్చు మూలలదాకా నిండలేదు. ఏటవాలుగా చూస్తే అక్కడ మెరుపు లేని మచ్చ కనపడుతుంది. ఎంత కడిగినా పోదు. వెంటనే మార్చి ఇమ్మనండి.

ట్రంపెట్ గట్టిగా ఊదినచోట చీలిపోతోంది

ముందు మీకు బాగా తెలిసిన మంచి రికార్డు పెట్టి చూడండి. అక్కడా చీలితే ముల్లు అరిగింది. ప్రతి వైపూ చివరి పాటలోనే వస్తే కార్ట్రిడ్జ్ కోణం సరిచేయాలి, ముల్లు మీద బరువు తయారీదారు చెప్పినంతే పెట్టాలి. ఈ ఒక్క రికార్డులోనే అయితే, ఎప్పుడో ఎవరో బరువైన ముల్లుతో అరగదీశారు. పైకి మెరుస్తున్నా లోపల గాడి పోయి ఉంటుంది. వేరే ఆకారం ముల్లు గాడి గోడలో అరగని చోటును తాకి కొంత మేలు చేయొచ్చు. లేదంటే మంచి రీఇష్యూ కొనండి. అరిగిన ఒరిజినల్ కన్నా అదే నాకు ఇష్టం.

రీఇష్యూ పల్చగా, ప్రాణం లేనట్టుంది

యూరప్ చట్టం ప్రకారం 1962 దాకా విడుదలైన రికార్డింగులకు రక్షణ గడువు తీరిపోయింది. ఎవరైనా అచ్చువేయొచ్చు, అసలు టేపు చేతిలో ఉండక్కర్లేదు. సీడీ నుంచి వినైల్‌కి ఎక్కించినవి చాలా ఉన్నాయి. అట్ట మీద ఎవరు కట్ చేశారు, దేని నుంచి చేశారు అన్నది లేకపోతే నేను కొనను. 2019లో మొదలైన, బ్లూ నోట్ వాళ్లదే అయిన టోన్ పొయెట్ రీఇష్యూల వరుసలో ఇంజనీర్ కెవిన్ గ్రే అసలు టేపుల నుంచి కట్ చేస్తాడు, అచ్చు కాలిఫోర్నియాలోని ఆర్‌టీఐ ఫ్యాక్టరీలో. పక్కపక్కన పెట్టి వింటే తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది.

రికార్డు మీద తెల్లటి పొర

విశాఖ లాంటి తేమ ఊళ్లలో అది బూజు కావచ్చు, కడిగితే పోతుంది. పీవీసీ కవర్లో ఏళ్లపాటు ఉంచినందువల్ల వచ్చిన మసక మాత్రం పోదు. ఈరోజే అన్నిటికీ పాలిథిన్ కవర్లు మార్చేయండి.

పియానో స్వరం ఊగుతోంది

టోన్ ఆర్మ్‌ని (ముల్లును మోసే కడ్డీని) పైనుంచి చూడండి. అది లోపలికీ బయటికీ ఊగితే నడిమి రంధ్రం పక్కకి పడినట్టు. కొత్తదైతే తిప్పి పంపండి. రంధ్రం పెద్దది చేసి సరిచేసేవాళ్లు ఉన్నారు, ఒరిజినల్‌కి నేనా పని చేయను. ఆర్మ్ పైకీ కిందికీ ఎగిరితే రికార్డు వంగింది. ముల్లు గాడి దాటనంతవరకూ వినొచ్చు. గాజు పలకల మధ్య పెట్టి ఎండలో ఆరేయడం లాంటి ప్రయోగాలు మాత్రం వద్దు. మే నెలలో కొరియర్ వస్తే పెట్టె విప్పకుండానే నీడలో నిలువుగా పెట్టి, చల్లబడ్డాక తెరవండి.