దేశం విడిపోవాలా అని అడిగితే ఓటుకు ముందు వేసుకోవాల్సిన లెక్క

2014 సెప్టెంబరు 18న, బ్రిటన్‌లో భాగమైన స్కాట్లండ్‌లో నేను ఓటు వేశాను. నాది భారత పాస్‌పోర్టే అయినా, అక్కడ నివసించే కామన్వెల్త్ పౌరులకు ఆ ఓటు ఉంది. ప్రశ్న ఒక్కటే: స్కాట్లండ్ స్వతంత్ర దేశం కావాలా? మళ్లీ అలాంటి రోజు వస్తే ఎలా తూచుకోవాలో, నాకు అప్పుడు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

ఒక నోటుపుస్తకం తీసుకుని ఇరువైపుల వాగ్దానాలూ రాయండి. ప్రతిదాని పక్కన ‘ఇది ఎవరి చేతిలో ఉంది?’ అన్న ప్రశ్నకు జవాబు రాయండి. అవతలివాళ్లు ఒప్పుకుంటేనే జరిగేది వాగ్దానం కాదు, అభ్యర్థన.

పర్సులోంచి ఐదు పౌండ్ల నోటు తీసి వంటింటి బల్ల మీద పెట్టుకున్నాను. దాని మీద బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ పేరు, రచయిత వాల్టర్ స్కాట్ బొమ్మ. చూడటానికి సొంత డబ్బే. దానికి పూచీ మాత్రం బ్రిటన్ కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దగ్గర దాచిన సొమ్ము. వడ్డీ రేటు నిర్ణయించేదీ ఆ బ్యాంకే. విడిపోయాక కూడా పౌండునే ఉమ్మడిగా వాడుకుంటామని, రాజధాని ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ ప్రభుత్వం చెప్పింది. కుదరదని ఫిబ్రవరిలోనే లండన్‌లో ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బర్న్ తేల్చేశారు. నా పుస్తకంలో ఆ పంక్తి పక్కన ‘మన చేతిలో లేదు’ అని రాసుకున్నాను. మా ఇంటి అప్పు పౌండ్లలో ఉంది కాబట్టి, నాకు అన్నిటికంటే బరువైన పంక్తి అదే.

స్కాట్లండ్‌కు ఉత్తర సముద్రం నుంచి వచ్చే చమురు ఆదాయం లెక్కను సగం ధరతో మళ్లీ వేయండి. స్వాతంత్ర్యంపై స్కాట్లండ్ ప్రభుత్వం వేసిన పత్రం పీపాకు దాదాపు 110 డాలర్లు అనుకుంది. ఓటు జరిగిన నాలుగు నెలలకే ధర 50 డాలర్ల కిందికి పడిపోయింది.

విడిపోకుండానే మార్చుకోగలిగినవి కొట్టేయండి. వైద్యం, కాలేజీ ఫీజులు అప్పటికే ఎడిన్‌బరో పార్లమెంటు కింద ఉన్నాయి. స్కాట్లండ్‌లోని ఫాస్లేన్ నౌకా స్థావరంలో ఉన్న అణు జలాంతర్గాములు, విదేశాంగం, వలస నియమాలు మాత్రం లండన్ చేతిలోవి. అసలు తూకం వాటి దగ్గరే.

ఉండిపోవడానికీ ఇదే పరీక్ష పెట్టండి. ఇక్కడే నేను పొరబడ్డాను. ఐరోపా సమాఖ్యలో కొనసాగాలంటే బ్రిటన్‌తోనే ఉండాలని ‘వద్దు’ పక్షం చెప్పింది, నమ్మాను. 2016లో స్కాట్లండ్ ఓటర్లలో 62 శాతం ఐరోపాలో ఉంటామన్నా, బ్రిటన్ మొత్తం మీద బయటికే ఓటు పడింది. అదీ మన చేతిలో లేని పంక్తే!

ఆస్తుల పంపకానికి ఒక పేజీ విడిగా వదలండి. 2014లోనే, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అది రాష్ట్రం, దేశం కాదు. ప్రజల ఓటుతో కాక పార్లమెంటు చట్టంతో వచ్చింది. అయినా ఉమ్మడి సంస్థల పంపకాలు ఏళ్ల తరబడి తెగలేదు. ఏ పక్షమైనా ఏడాదిన్నరలో అన్నీ తేల్చేస్తామంటే ఆ గడువును రెట్టింపు చేసుకోండి.

చివరగా, పుస్తకాన్ని ఇంట్లో అందరికంటే చిన్న ఓటరుకు ఇవ్వండి. అప్పుడు పదహారేళ్లవారికీ ఓటు ఉంది. మా అమ్మాయి నా లెక్కంతా చదివి, “అమ్మా, నీ పింఛను గురించే రెండు పేజీలు రాశావు, నేను నలభయ్యేళ్లదాన్నయ్యేసరికి ఎలా ఉంటుందో ఒక్క పంక్తీ లేదు” అంది. అందుకే ప్రతి పంక్తి పక్కనా అది ఏ సంవత్సరానికి తేలుతుందో కూడా రాయండి. నావి ఒక్కటీ 2020 దాటలేదు.