ఇంట్లో వేలిముద్రలు తీసి, వర్గీకరించి, పోల్చి చూడడం ఎలా?

మన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల వేళ్లు పట్టుకుని ఎన్ని చక్రాలు (గీతలు గుండ్రంగా చుట్టుకున్నవి), ఎన్ని శంఖాలు (గీతలు ఒక వైపు నుంచి వచ్చి మలుపు తిరిగి అటే పోయేవి) ఉన్నాయో లెక్కపెట్టి జాతకం చెప్పేవారు. జాతకం సంగతి ఎలా ఉన్నా ఆ లెక్క వృథా కాదు. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో ఏర్పడినప్పుడు, అక్కడి పోలీసు రికార్డులను దాదాపు ఇలాంటి లెక్క ప్రకారమే సర్దారు. ఇంట్లో ఆ పని చేసి చూడడానికి మెత్తటి పెన్సిల్, తెల్ల కాగితం, అంగుళం వెడల్పున్న పారదర్శక టేపు, ప్లాస్టిక్ ఫైలు కవరు, భూతద్దం, మెత్తటి బ్రష్షు, గాజు గ్లాసు ఉంటే చాలు.

1. పది వేళ్ల ముద్రలు తీయండి

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కాగితం మీద అగ్గిపెట్టె అంత మేర పెన్సిల్‌తో నల్లగా రుద్ది, వేలి కొసను గోరు ఒక అంచు నుంచి రెండో అంచు వరకు దాని మీద దొర్లించండి. తర్వాత టేపు ముక్కను వేలికి చుట్టి, నెమ్మదిగా ఊడదీసి, ప్లాస్టిక్ కవరుకు అతికించి, అది ఏ చేతి ఏ వేలో పక్కనే రాయండి.

చాలామంది పొరపడేది ఇక్కడే. టేపు పైవైపు నుంచి చూస్తే, వేలిని నేరుగా చూసినట్టే గీతలు కనిపిస్తాయి. కానీ వస్తువు మీద పడే ముద్ర దానికి అద్దంలోని ప్రతిబింబంలా కుడిఎడమలుగా ఉంటుంది. అందుచేత కవరును తిరగేసి, ప్లాస్టిక్ లోంచి చూడాలి. కుడి చేతి శంఖాల గీతలు చాలావరకు చిటికెన వేలి వైపే తెరుచుకుంటాయి కనుక, వేలి కొస పైకి ఉండేలా పట్టుకున్నప్పుడు అవి మీ కుడి వైపుకు తెరుచుకుని కనిపిస్తే సరిగా తిప్పినట్టే. చూపుడువేలు మాత్రం ఒక్కోసారి ఈ నియమం తప్పుతుంది.

సిమెంటు పని చేసేవారి ముద్రలు సరిగా పడకపోవచ్చు. రేషన్ దుకాణంలో యంత్రం మీద నాలుగుసార్లు వేలు పెట్టినా ఫలితం లేక నిలబడిపోయేవారిని చూస్తూనే ఉంటాం. అరిగేది పైపొర మాత్రమే. గీతల అచ్చు చర్మం లోపలి పొరలో ఉంటుంది కాబట్టి, ఆ పని కొన్నాళ్లు ఆపితే చాలామందికి గీతలు మళ్లీ తేలతాయి. గర్భంలో సుమారు 10వ వారం నుంచి 17వ వారం మధ్య ఈ అచ్చు రూపుదిద్దుకునేటప్పుడు అక్కడి ఒత్తిళ్లు, పెరుగుదల వేగం ఏ రెండు వేళ్లకూ ఒకేలా ఉండవు. ఒకే పోలికతో పుట్టిన కవలల ముద్రలు కూడా వేరుగా ఉండడానికి కారణం అదే.

2. చక్రాలు లెక్కపెట్టి మీ సంఖ్య కట్టండి

భూతద్దంతో చూస్తూ, మూడు దిక్కుల నుంచి వచ్చిన గీతలు త్రికోణంలా కలిసే చోట్లు వెతకండి. వీటిని డెల్టాలు అంటారు. సాధారణంగా చక్రానికి రెండు, శంఖానికి ఒకటి ఉంటాయి. గీతలు విల్లులా వంగి అవతలికి సాగిపోయే ముద్రకు ఒక్కటీ ఉండదు. స్థూలంగా నూటికి 60కి పైగా శంఖాలు, 30కి పైగా చక్రాలు, 5 దాకా విల్లులు కనిపిస్తాయి.

ఇప్పుడు కుడి బొటనవేలి నుంచి కుడి చిటికెన వేలి వరకు 1 నుంచి 5, ఎడమ బొటనవేలి నుంచి ఎడమ చిటికెన వేలి వరకు 6 నుంచి 10 అని అంకెలు వేయండి. 1, 2 వేళ్లలో దేనికి చక్రం ఉన్నా దాని విలువ 16; 3, 4 వేళ్లకు 8; 5, 6 వేళ్లకు 4; 7, 8 వేళ్లకు 2; 9, 10 వేళ్లకు 1. చక్రం లేని వేలికి సున్నా. సరి అంకెల వేళ్ల మొత్తానికి ఒకటి కలిపి పైన, బేసి అంకెల వేళ్ల మొత్తానికి ఒకటి కలిపి కింద రాయండి. ఉదాహరణకు కుడి చూపుడువేలికి, ఎడమ బొటనవేలికి మాత్రమే చక్రాలుంటే పైన 16+4+1, అంటే 21, కింద 1. ఇలా ముద్రల కార్డులు సర్దడానికి 1,024 అరలు ఏర్పడతాయి. కంప్యూటర్లు లేని కాలంలో వేల కార్డుల్లోంచి ఒక కార్డును బయటకు తీయగలిగింది ఈ ఉపాయంతోనే. దీనికి అప్పటి బెంగాల్ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీ పేరు స్థిరపడింది కానీ, దీన్ని రూపొందించడంలో ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల కృషి కీలకమన్నది మరువరాదు.

3. గ్లాసు మీద దాగిన ముద్రను తేల్చండి

మొదటి దశలోలాగే ఇంట్లో అందరి ముద్రలూ తీసి పెట్టుకుని, వారిలో ఒకరిని నుదురు తడుముకుని, తుడిచిన గ్లాసును ఒకసారి పట్టుకోమనండి. ఎవరు పట్టుకున్నారో మీరు చూడకూడదు. పెన్సిల్ పొడిని బ్రష్షు కొసకు అంటీ అంటనట్టు అద్ది, గ్లాసు మీద తేలికగా తిప్పండి. పొడి ఎక్కువైతే గీతల మధ్య సందులు పూడిపోయి ముద్ర నల్లని మచ్చగా మిగులుతుంది. గీతలు తేలగానే పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఆ తర్వాతే టేపుతో ఎత్తి తెల్ల కాగితానికి అతికించండి. కాగితం మీది ముద్రలను ఊదారంగులో తేల్చే నిన్‌హైడ్రిన్, ప్లాస్టిక్ మీది ముద్రలకు పట్టే సూపర్ గ్లూ ఆవిరి ప్రయోగశాలల్లో వాడేవి; ఇంట్లో వాటి జోలికి పోవద్దు.

4. ముందు గుర్తించండి, తర్వాతే పోల్చండి

చక్రమో శంఖమో సరిపోయినంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదు. గీత హఠాత్తుగా ఆగిపోయే చోటు, రెండుగా చీలే చోటు, చీలి మళ్లీ కలిసే చోటు, ఒంటరి చుక్క ఎక్కడున్నాయో, వాటి మధ్య ఎన్ని గీతలున్నాయో చూడాలి. గ్లాసు మీది ముద్రలో ఇవన్నీ ఎర్ర సిరాతో గుర్తించిన తర్వాతే ప్లాస్టిక్ కవరు మీది ముద్రలు చూడండి. 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో ఒక సంచి మీది ముద్ర తమ దేశపు న్యాయవాదిదేనని ఎఫ్‌బీఐ నిపుణులు తేల్చారు. స్పెయిన్ పోలీసులు అది వేరొక వ్యక్తిదని చూపేసరికి ఆ న్యాయవాది రెండు వారాలు నిర్బంధంలో గడిపారు. ఆయన ముద్రలో కనిపించిన గుర్తులనే సంచి మీది మసక ముద్రలోనూ వెతికి "చూడడం" ఆ తప్పుకు ఒక ముఖ్య కారణమని తర్వాతి విచారణలో తేలింది.

ఎన్ని గుర్తులు కలిస్తే చాలన్నదానికి ప్రపంచమంతటా ఒకే లెక్క లేదు. ఇంగ్లండ్ 16 గుర్తుల నియమాన్ని 2001లో వదిలేసింది. అయితే ఎన్ని కలిసినా, కారణం చెప్పలేని తేడా ఒక్కటి కనిపిస్తే ఆ వేలు కాదనే రాయాలి. ముద్ర మసకగా ఉంటే "తేల్చలేం" అని రాయడమూ సరైన ఫలితమే.

5. చివరగా

ఈ ముద్రల ఫొటోలు ఎవరికీ పంపవద్దు. దస్తావేజుల్లోని వేలిముద్రలతో నకళ్లు చేసి, ఆధార్ చెల్లింపుల ద్వారా ఖాతాల్లో డబ్బు కాజేసిన కేసులున్నాయి. పని పూర్తయ్యాక టేపు ముక్కలను కత్తెరతో సన్నగా కత్తిరించి పారేసి, ఫోన్‌లోని ఫొటోలు తొలగించి, వీలైతే ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోండి.