కేస్‌మెంట్ పార్క్ కట్టాలా వద్దా అని వాదించే ముందు

ఐర్లండ్‌లో అల్‌స్టర్ ప్రావిన్స్ గేలిక్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తో, కాలితో రెండిటితోనూ ఆడే ఐరిష్ ఆట) ఫైనల్ క్లోన్స్ అనే చిన్న ఊళ్లో జరుగుతుంది, బెల్‌ఫాస్ట్‌లోని కేస్‌మెంట్ పార్క్ స్టేడియం మాత్రం 2013 నుంచి మూతపడి ఉంది. దాన్ని 34,500 మంది పట్టేలా మళ్లీ కట్టి ఫైనల్‌ని అక్కడికి మార్చాలా అన్నదే గొడవ.

ముందు లెక్క అడగండి: ఏడాదికి ఒక్క ఫైనల్ కాకుండా మిగతా రోజుల్లో అంత స్టేడియం ఎలా నిండుతుంది? "ఖర్చు అదుపులోనే ఉంటుంది" అని ఎవరైనా అంటే కార్క్ స్టేడియం సంగతి గుర్తుచేయండి, 2017లో తెరిచేసరికి బడ్జెట్ బాగా దాటిపోయింది.

తర్వాత చుట్టుపక్కల ఇళ్లవాళ్ల మాట వినండి, ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. వాళ్లు కోర్టుకెళితే 2014లో అనుమతే రద్దయింది! జనం బయటపడే దారులు, పార్కింగ్, ఇవే అసలు టెన్షన్.

ఫైనల్ క్లోన్స్‌లోనే ఉండాలనే అభిమానులతో సెంటిమెంట్ మీద వాదనకు దిగకండి, గెలవలేరు. 2004 నుంచి 2006 దాకా ఫైనల్‌ని డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌కి తీసుకెళ్లారు కదా, దాన్ని పట్టుకుని మాట్లాడండి: సీట్లు ఎక్కువ, కానీ అది అల్‌స్టర్ గడ్డ కాదు. నా ఓటు కేస్‌మెంట్‌కే, కాకపోతే కాస్త చిన్న సైజులో.